ఆటగాని జీవిక ముగియు టెందుచేత?

చార్మినారునుండి దక్షిణముగా శాహలిబండకు పోవు బాటలో, ఒక సందు మొగదల, చిన్న సైకిళ్ళ మరమ్మతు దుకాణము కలదు. పాతబస్తీలో ముప్పది యేండ్లు బడిపంతులుగా నుండి, నాలుగేండ్ల క్రిందట పని విరమించిన నాకు సాయంకాలము లచ్చట కూర్చుండుట అలవాటు. దుకాణదారు నాకంటె పది యేండ్లు చిన్నవాడు. అతని చిన్నకుమారుడు నాయొద్ద ఏడవ తరగతి చదివెను. చదివినదానికంటె ఫుట్‌బాల్ ఆడినదే యెక్కువ. ఇప్పు డతడు మఱొక రాష్ట్రమున ఒక క్లబ్బుతో ఒప్పందము చేసికొని, జీతమునకు ఆడుచున్నాడు.

గత మాసమున ఒక సాయంకాలము టైరుకు గాలి కొట్టుచు తండ్రి నన్ను ఇట్లడిగెను: "మాస్టర్ సాబ్, నాలుగు నెలల సంది పిల్లగానికి జీతం వస్తలేదు. జట్టుల పోరగాండ్లంత కలిసి, పైసలిచ్చెదాక మైదానంల దిగమని కాయితం రాసిండ్రంట. వీడు దస్తఖతు పెడ్తె వాని ఆట ఖతమయితదా?"

నేను వెంటనే సమాధానము చెప్పలేకపోతిని. రెండు దినములు గడు వడిగితిని. ఆ రెండు దినములలో నాకు తోచినదియు, తరువాత తెలిసికొన్నదియు కలిపి నేడు రేడియోద్వారా మీకు విన్నవించుచున్నాను. ఇట్టి ప్రశ్న ఆ యొక్క దుకాణమునందే పుట్టినది కాదని నా నమ్మకము.

ఆటగాడు నోరు విప్పినయెడల ఆట పోవునని పెద్దలు పిల్లలకు చెప్పుట నేను చిన్ననాటినుండి వినుచున్నాను. అది యెంతవఱకు నిజమో తేల్చుకొనవలెనన్న, ఆట ముగిసినవారి కథలను తీసికొని, ఏది ముందు జరిగినది, ఏది తరువాత జరిగినది, ఏది దేనికి కారణము అని విడదీసి చూడవలెను. కాకి వ్రాలినది, తాటిపండు పడినది. పండు పడుటకు కాకియే కారణమా, తొడిమ ముందే వదులయినదా యని మన తర్కశాస్త్రజ్ఞులు ఏనాడో ప్రశ్నించిరి. మన కిచ్చట కావలసినది ఆ ప్రశ్నయే.

చదువుకొన్న యువకులు ఈ మాట వచ్చినప్పుడెల్ల అమెరికాదేశపు కాలిన్ కేపర్నిక్ పేరు చెప్పుదురు. ఆ దేశమువారు ఫుట్‌బాల్ అనునది మన ఫుట్‌బాల్ కాదు. బంతి కోడిగ్రుడ్డువలె కోలగా నుండును, దానిని చేతులతో పట్టుకొని పరుగెత్తుదురు. కేపర్నిక్ శాన్‌ఫ్రాన్సిస్కో జట్టునకు క్వార్టర్‌బ్యాక్, అనగా బంతిని తనవారికి విసరి ఆట నడుపు ప్రధానపురుషుడు. 2013 ఫిబ్రవరిలో ఆ జట్టును సూపర్‌బౌల్ అను తుదిపోటీవఱకు కొనిపోయెను. 2016లో, నల్లజాతివారిపై జరుగు దౌర్జన్యమునకు నిరసనగా, జాతీయగీతము పాడు సమయమున ముందు కూర్చుండియు, పిదప ఒక మోకాలిపై వంగియు తన యసమ్మతిని తెలిపెను. 2017 మార్చిలో ఒప్పందమునుండి వెలువడెను. ఆ తరువాత 32 జట్లలో ఒక్కటియు ఆయనను చేర్చుకొనలేదు.

ఇందు రెండు పక్షములవారును గట్టిగా వాదింతురు. నిరసనకు ముందే, 2015లోనే, ఆయన తన స్థానమును మఱొకనికి కోల్పోయెననియు, భుజమునకును, బొటనవ్రేలికిని, మోకాలికిని శస్త్రచికిత్సలు జరిగెననియు, 2016లో ఆయన ఆరంభమునుండి ఆడిన 11 ఆటలలో జట్టు గెలిచినది ఒక్కటియే యనియు ఒక పక్షము. అదే సంవత్సరమున ఆయన విసరిన బంతులలో 16 గెలుపు గీటు దాటినవనియు, ఎదుటివారి చేత చిక్కినవి 4 మాత్రమే యనియు, అంతకంటె తక్కువవారికి పలువురికి ఉద్యోగములు దొరకినవనియు మఱొక పక్షము. నా మట్టుకు రెండవ పక్షమే సరియని తోచుచున్నది. ఆట తగ్గినవానికి జీతము తగ్గును, స్థానము తగ్గును. అన్ని తలుపులును ఒక్కసారిగా మూయబడుట యరుదు. జట్ల యజమానులు లోలోపల కూడబలుకుకొనిరని ఆయన 2017 అక్టోబరులో ఫిర్యాదు చేసెను. 2019 ఫిబ్రవరిలో అది రాజీతో ముగిసినది, తీర్పు వెలువడలేదు. ఆయన ప్రక్కనే మోకాలు వంచిన ఎరిక్ రీడ్ అను సహచరునికి మాత్రము 2018 సెప్టెంబరులో కరోలైనా జట్టున స్థానము దొరకెను.

ఆ 2016లోనే, ఆ దేశముననే, మేగన్ రాపినో అను స్త్రీ మన మెఱిగిన ఫుట్‌బాల్ మైదానమున అట్లే మోకాలు వంచెను. జాతీయజట్టు ఆటగాండ్రందఱును గీతసమయమున నిలువబడి తీరవలెనని వారి సమాఖ్య 2017లో నిబంధన చేసెను. ఐనను ఆమె ఆట ముగియలేదు. 2019లో ప్రపంచకప్పు గెలిచిన జట్టులో ఆమె ముఖ్యురాలు. ఆ సంవత్సరపు ఉత్తమక్రీడాకారిణిగా బాలన్ దోర్ బహుమానమును పొందెను. 2023లో, విరమించెదనని ముందే ప్రకటించి ఆడిన చివరి యాటలో, ఆరంభమైన కొద్ది నిమిషములకే మడమపైనుండు స్నాయువు దెబ్బతిని మైదానమునుండి వెలుపలికి వచ్చెను. ఆమె యాటను ముగించినది వయస్సు. తెర దించినది మడమ.

నిరసన యొకటే, సంవత్సర మొకటే, దేశ మొకటే. ఫలములు వేఱు. కావున నిరసన తనంత తానుగా ఆటను ముగించునని చెప్పుటకు వీలులేదు. కేపర్నిక్ ఆడు ఆటకు, ఆ స్థాయి జీత మిచ్చుటకు, లోకమంతటను ఒక్క లీగు మాత్రమే కలదు. రాపినోకు జాతీయజట్టు ఒక యజమాని, క్లబ్బు వేఱొక యజమాని. ఒకరు ముఖము చిట్లించినను రెండవవారి మైదానము మిగిలియుండెను. అందుచేత ఆటగాడు నోరు విప్పెనా లేదా యని యడుగుటకు ముందు, ఈ యజమాని కాదన్నచో వానిని పిలుచువా రింకెంద ఱున్నారని యడుగవలెను.

ఇక మన యూరి సంగతి.

పాతబస్తీకి ఫుట్‌బాల్ పరాయి యాట కాదు. నిజాము సైన్యమున చేరిన అరబ్బుల సంతతివారు నివసించు బార్కస్ పేటకు ఆ పేరే సైనికుల బ్యారక్సునుండి వచ్చినది; అచ్చటి పిల్లవాడు నడకకు ముందే తన్నుట నేర్చునేమో యని నా కొకప్పుడు సందేహము కలుగుచుండెడిది. మూసీ యొడ్డున సిటీ కాలేజీ పూర్వవిద్యార్థులు తమ పేరనే యొక జట్టు నడపిరి. వీరందఱికిని పెద్దదిక్కు సయ్యద్ అబ్దుల్ రహీమ్. 1909లో హైదరాబాదున జన్మించెను. వృత్తిచేత బడిపంతులు; ఈ మాట చెప్పునప్పుడు నాకు కొంచెము గర్వము కలుగుటను శ్రోతలు మన్నింతురుగాక. కాచిగూడ, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ బడులలో పాఠములు చెప్పి, 1950నుండి తన మరణమువఱకు హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు శిక్షకుడుగా నుండెను.

ఆ జట్టు బొంబాయి రోవర్సు కప్పును 1950నుండి 1954వఱకు వరుసగా అయిదుసార్లు గెలిచినది. రహీమ్ శిక్షణలో భారతదేశము 1951లో ఢిల్లీయందును, 1962లో జకార్తాయందును ఆసియా క్రీడలలో స్వర్ణపతకము నందెను. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానమున నిలిచెను. ఆయన కథను 'మైదాన్' అను హిందీ చలనచిత్రముగా 2024లో చూపిరి. ఆయన పిల్లలకు పెట్టిన పోటీలలో ఒకటి బంతిని కాలితో మోసికొనిపోక వెంటనే అందించి తీరవలసినది. మఱొకటి బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసినది. కుడిచేతివాటపు పిల్లవానిచేత ఎడమచేత వ్రాయించిన యుపాధ్యాయుని నేను చూడలేదు. రహీమ్ దానిని కాళ్ళతో చేయించెను.

ఐతే ఆనాటి జట్టును గుఱించి మనము గెలుపులనే చెప్పుకొందుము గాని, వారి కెవరు అన్నము పెట్టిరో చెప్పుకొనము. వారు పోలీసుశాఖ ఉద్యోగులు. బంతి తన్నుటకు దొరకిన ప్రతిఫలము నెలజీతము, ఖాకీ దుస్తులు, కడపట పింఛను. ఇందు సుఖ మున్నది, బంధమును ఉన్నది. మోకాలు పోయిన మఱునాడు ఆటగాడు వీథిని పడడు. ఠాణాలో బల్లయొద్ద కూర్చుండును. కాని పోలీసువానికి తన శాఖమీద బహిరంగముగా అసమ్మతి తెలుపుటకు దారి యిఱుకు. అనుమతి లేనిదే కార్మికసంఘములలోను, ఇతర సంఘములలోను చేరరాదని 1966లో పార్లమెంటు చట్టమే చేసినది. అంతకుముందు చట్టము లేకున్నను శాఖాక్రమశిక్షణ చాలియుండెను. కావున ఆ తరమువారిలో నిరసనచేత ఆట పోగొట్టుకొన్నవానిని వెదకుట వ్యర్థము. నిరసన మొలచుటకు మట్టియే లేదు. 'మావాండ్లు నోరెత్తలేదు, అందుకే పేరు తెచ్చుకొనిరి' అని పెద్దలు చెప్పుమాటలోని పొరపాటిదియే. నోరెత్తకుండుట వారి గుణము కాదు. వారి యుద్యోగపు షరతు.

మఱి వారి యాట లెట్లు ముగిసినవి? ఒక్కని కథ చెప్పుదును.

తులసీదాస్ బలరామ్ సికిందరాబాదు చెంతనున్న అమ్ముగూడలో 1936లో జన్మించెను. రహీమ్ కంట పడి అభ్యాసమునకు పిలువబడినప్పుడు, అంతదూరము వచ్చుటకు చేత పైకము లేదు. సైకిలు అద్దెకు తీసికొమ్మని రహీమ్ దినమునకొక రూపాయి యిచ్చెడివాడని బలరామ్ ముసలితనమున కూడ తలచుకొనుచుండెను. ఆ యద్దె సైకిలుమీద వచ్చిన బాలుడు 1956లో మెల్బోర్న్ పోయెను. 1957నుండి కలకత్తాలో ఈస్టుబెంగాలు క్లబ్బునకు ఆడి, 1961లో దానికి నాయకుడయ్యెను. 1960 రోము ఒలింపిక్సులో హంగరీమీద ఒక గోలు, పెరూమీద ఒక గోలు కొట్టెను. 1962లో జకార్తా స్వర్ణపతకము. ఆ సంవత్సరమే అర్జున పురస్కారము. పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, బలరామ్ — ఈ మువ్వుర పేర్లు ఒక్క ఊపిరిలో చెప్పుట ఆనాటి వాడుక.

ఆ ఊపిరియే ఆయనకు శత్రువయ్యెను. 1963లో ఊపిరితిత్తుల వ్యాధి పట్టుకొన్నది. ఇరువదియేడేండ్లైనను నిండని వయస్సున, కాలిలో బలము తగ్గకుండగనే, ఆట మానుకొనవలసి వచ్చెను. ఆయన ఎవరిమీదను జెండా యెత్తలేదు. ఏ గీతమునకును కూర్చుండలేదు. ఎవ్వరును ఆయనను వెలివేయలేదు. అంతకుముందే బెంగాల్ నాగపూర్ రైల్వే జట్టునకు మాఱియుండుటచేత రైల్వే యుద్యోగము చేతిలో నుండెను, బ్రతుకు గడచినది. 2023 ఫిబ్రవరి 16న బెంగాలుననే మరణించెను. ఆయన యాట ఆగిన 1963లోనే, జూన్ 11న, గురువైన రహీమ్ క్యాన్సరు వ్యాధితో కన్ను మూసెను. గురుశిష్యుల యిద్దఱి ఆటలను ఒకే సంవత్సరము వ్యాధి ముగించినది. ప్రపంచమున ఎక్కువమంది ఆటగాండ్ర కథ ఇట్టిదే. మోకాలు, చీలమండ, ఊపిరితిత్తి, లేదా తన స్థానమునకు వచ్చిన పందొమ్మిదేండ్ల కుఱ్ఱవాడు. వీటిని గుఱించి పత్రికలలో వాదోపవాదములు జరుగవు. అందుచేత మనకు గుర్తుండవు.

రెండవ కథ మహమ్మద్ హబీబ్‌ది. ఈయనయు హైదరాబాదువాడే, 1949లో పుట్టెను. 1966లో కలకత్తా చేరి, 1980 దశాబ్దపు మొదటి యేండ్లవఱకు ఈస్టుబెంగాలు, మోహన్‌బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ అను మూడు క్లబ్బులలో మాఱి మాఱి ఆడెను. 'బడే మియా' అని కలకత్తావారు ముద్దుగా పిలిచెడివారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్యపతకము గెలిచిన మన జట్టులో ఆయన యొకడు. ఆ జట్టు నాయకుడు సయ్యద్ నయీముద్దీన్ కూడ మన నగరమువాడే. 1977 సెప్టెంబరు 24న పెలే ఆడిన న్యూయార్క్ కాస్మాస్ జట్టుతో మోహన్‌బగాన్ ఈడెన్ గార్డెన్సులో 2–2గా సమముగా నిలిచినప్పుడు ఆ రెండు గోళ్ళలో ఒకటి హబీబ్‌ది.

ఆ కాలపు ఆటగాండ్రలో అధికులు ఏదో యొక బ్యాంకులోనో, రైల్వేలోనో, పోలీసులోనో పేరు వ్రాయించుకొని ఆడుచుండగా, హబీబ్ ఫుట్‌బాల్ తప్ప వేఱు పని పెట్టుకొనలేదు. అందుచేతనే ఆయనను భారతదేశపు మొదటి నిజమైన వృత్తి ఆటగాడని చెప్పుదురు. నేను దీనిని చాల కాలము మొండితనమనుకొంటిని. ఇప్పు డట్లనుకొనుట లేదు. ఒక క్లబ్బు నచ్చకున్న మఱొక క్లబ్బు తలుపు తట్టగల స్వేచ్ఛ ఆయనకుండెను. కలకత్తాలో మూడు తలుపు లుండుటవలననే యది సాధ్యమైనది. కాని పోలీసు జట్టువానికున్న పింఛను ఆయనకు లేదు. ఆట ముగిసిన తరువాత శిక్షకుడుగా పనిచేసి, కడపటి దినములలో కంపవాతముతోను, మఱపువ్యాధితోను బాధపడి, 2023 ఆగస్టు 15న హైదరాబాదుననే మరణించెను.

ఇట్లు మన నగరమున రెండు మార్గములు కనబడుచున్నవి: నోరు కట్టి అన్నము పెట్టునది ఒకటి; నోరు విడిచి అన్నమునకు పూచీ లేనిది మఱొకటి. నోరు విప్పియు అన్నము నిలుపుకొను మూడవ మార్గ మున్నదా? దీనికి బెల్జియము పోవలెను.

జాన్ మార్క్ బోస్మాన్ లియేజ్ నగరపు క్లబ్బులో మధ్యరకపు ఆటగాడు. 1990లో ఒప్పందపు గడువు తీరెను. క్లబ్బు క్రొత్త యొప్పందమున జీతమును నాలుగవ వంతునకు తగ్గింతు ననెను. ఆయన ఫ్రాన్సులోని డంకర్క్ క్లబ్బునకు పోవ నెంచెను. గడువు తీరినను బదిలీరుసుము కుదిరిననే గాని విడువమని ఆ కాలపు నియమము. ఆయన న్యాయస్థానమునకు పోయెను. అయిదేండ్లు గడచెను. 1995 డిసెంబరు 15న ఐరోపా న్యాయస్థానము ఆయన పక్షమున తీర్పు చెప్పినది: గడువు తీరిన ఆటగాని కొఱకు ఐరోపా సమాఖ్య దేశములమధ్య రుసుము అడుగరాదు. నేడు కోట్లు గడించు ఆటగాండ్ర స్వేచ్ఛ ఆ తీర్పునుండి పుట్టినది. బోస్మాన్ మాత్రము ఆ అయిదేండ్లలో చిన్న క్లబ్బుల వెంట తిరిగి, తీర్పు వచ్చునప్పటికి ఆటకు పనికిరానివాడయ్యెను. పిమ్మట బీదతనమును అనుభవించెను. నిరసన ఆయన యాటను ముగించినదా? సూటిగా చెప్పవలెనన్న, ఔను. కాని ముగించినది ఆయన మాట కాదు, ఆ మాటకు సమాధానము వచ్చుటకు పట్టిన కాలము. ఫుట్‌బాల్ ఆటగానికి అయిదేండ్లన్న మనకు పాతికేండ్లతో సమానము.

ఈ యాలస్యమును తగ్గించుటకే అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య, అనగా ఫీఫా, 2018లో ఒక నిబంధన చేర్చినది. దీనిని దుకాణదారునికి చెప్పినట్లే మీకును చెప్పుదును. రెండు మాసముల జీతము అన్యాయముగా నిలిపిన క్లబ్బునకు ఆటగాడు వ్రాతపూర్వకముగా నోటీసు ఇయ్యవలెను. బాకీ చెల్లించుటకు కనీసము పదునైదు దినముల గడు వుండవలెను. ఆ గడువులో చెల్లింపనియెడల ఒప్పందమును త్రెంచుకొనుటకు అతనికి న్యాయమైన కారణ మున్నట్లే. అప్పు డతడు మఱొక క్లబ్బున చేరవచ్చును; పాత బాకీయు అడుగవచ్చును. మన దేశపు సమాఖ్యయందును ఆటగాండ్ర తగవులు విచారించు సంఘ మొకటి కలదు.

దీని యవసరము మన నగరము దగ్గఱనుండి చూచినదే. హైదరాబాదు పేరు పెట్టుకొన్న క్లబ్బు 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగు గెలిచినప్పుడు పాతబస్తీలో కూడ మిఠాయిలు పంచుకొన్నారు. రెండేండ్లు తిరుగకముందే, బకాయిల కారణమున క్రొత్తవారిని చేర్చుకొనరాదని ఫీఫా ఆ క్లబ్బుపై నిషేధము విధించెను, జీతములు నిలిచెను, విదేశీయులు, స్వదేశీయులు పలువురు నడుమనే వెడలిపోయిరి. 2023–24లో ఆడిన 22 ఆటలలో గెలుపొక్కటే, కడపటి స్థానము. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలి, పేరు మార్చుకొన్నది. ఇచ్చట శ్రోతలు గమనింపవలసినది, జీతము రాలేదని వెడలిన ఆటగాండ్రలో పలువురు వేఱు క్లబ్బులలో చేరి మరల ఆడిరి. వారి యాట ముగియలేదు. ముగిసినది క్లబ్బు. మిగిలిపోయిన చిన్నపిల్లలు మాత్రము వారము వారము ఓడిపోవుచు మైదానమున నిలిచిరి. వారిమీద నాకు జాలి యెక్కువ.

ఇంత చదివి, విని, నేను మూడవ నాటి సాయంకాలము దుకాణమునకు పోతిని. అబ్బాయి ఒప్పందపుపత్రమును ఫోనులో పంపియుండెను. తండ్రికి ఇంగ్లీషు రాదు. నేను కండ్లజోడు పెట్టుకొని చదివితిని. ఫీఫా నిబంధనల ప్రస్తావన అందుండెను. నాకు బోధపడిన భేదమును అతని కిట్లు చెప్పితిని: మైదానమున దిగమని ముందే వ్రాసి మానుకొన్న, క్లబ్బువారు 'ఒప్పందము తప్పినవాడు వీడే' యనుటకు సందు దొరకును. ముందు నోటీసు పంపి, గడువు తీరువఱకు అభ్యాసమునకు పోవుచు, తరువాత వెడలినచో, తప్పినవారు వారగుదురు. కోపము రెండింటను ఒక్కటే.

ఆ రాత్రి అబ్బాయి నాతో ఫోనులో మాటలాడెను. నియమము లతనికి సులభముగనే తెలిసినవి. అతని భయము వేఱొకటి. "సార్, కాయితం మీద అంత మంచిగనే ఉంటది. కాని రేపు వేరే క్లబ్బోళ్ళు, వీడు లొల్లి పెట్టే పిల్లగాడని అనుకుంటే ఏం చెయ్యాలె?" అనెను.

నేను అబద్ధ మాడలేదు. అట్లనుకొనువా రుందురని చెప్పితిని. ఏ నిబంధనయు గుసగుసలను ఆపలేదు. కేపర్నిక్‌కు జరిగినది ఏ కాగితముమీదను వ్రాయబడలేదు. కాని అతడు కుడికాలివాడైనను ఎడమవైపు ఆడగలడు. చిన్ననాడు పేటలో నొక వృద్ధ శిక్షకు డతనిచేత నెలల తరబడి ఎడమకాలితోనే బంతి తన్నించెను. అట్టివారు తక్కువ. తక్కువగా దొరకువానికి తలుపు లెక్కువ. "ఒక్కడవే పంపకు, ఎవరి నోటీసు వారు వేఱు వేఱుగా వ్రాసి, ఒకే దినమున పంపుడు" అంటిని. నా ఉపదేశము సరియైనదో కాదో నాకును పూర్తిగా ధైర్యము లేదు. పోయినచో పోవునది నా యాట కాదు గదా.

ఎనిమిదిమంది పంపిరి. నోటీసులు పోయి నేటికి పదునొకండు దినములైనది. అతడు ప్రతిదినమును అభ్యాసమునకు పోవుచున్నాడు. పోయిన వేళయు, తిరిగివచ్చిన వేళయు ఒక పుస్తకమున వ్రాసికొనుచున్నాడు. రిజిస్టరు రసీదును ఇంటికి పంపగా, తండ్రి దానిని ట్యూబులకు అతుకులు వేయు జిగురుడబ్బా క్రింద భద్రపఱచి, నేను పోయినప్పుడెల్ల తీసి తేదీ చదివించుకొనుచున్నాడు. గడువు వచ్చు గురువారముతో తీరును.